దుందుభి నామ సంవత్సరపు ఇల్లు

సంగం జాగర్లమూడిలో మా తాతగారి ఇంటి సింహద్వారం పై పట్టె మీద, పద్మానికి దిగువన, చిన్న అక్షరాలతో దుందుభి సంవత్సరం, వైశాఖం అని చెక్కి ఉంటుంది. ఏడాది పేరుంది, నెల ఉంది, అంకె మాత్రం లేదు. చెక్కిన వడ్రంగికి అంకె అవసరమని తోచలేదు కాబోలు. అది ఏ దుందుభో ఆనాడు బతికున్న వాళ్ళందరికీ తెలుసు కదా!

తెలుగు సంవత్సరాలతో వచ్చే చిక్కే ఇది. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగొస్తుంది. 1862లో ఒక దుందుభి, 1922లో ఒకటి, 1982లో మరొకటి. చివరిదాన్ని నేను కళ్ళారా చూశాను గనుక దాన్ని పక్కన పెట్టవచ్చు. మిగిలిన రెండింటిలో ఏది? ఊళ్ళో పెద్దలు మొదటిదానివైపే మొగ్గేవారు. ఇల్లు ఎంత పాతదైతే వంశానికి అంత గొప్ప కదా. వారి సాక్ష్యం పెంకు. మా మండువా పైకప్పు మీది పెంకుల్లో దేన్ని తిరగేసి చూసినా అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో బాసెల్ మిషన్ టైల్ వర్క్స్, మంగళూరు, 1865 అని అచ్చు ఉంటుంది. "1862లో పునాది వేసి 1865లో పెంకు కప్పారు, ఇంకేం కావాలి?" అని వాదన. విన్నవాళ్ళు తలూపేవారు.

కానీ 1865 అన్నది పెంకు పుట్టిన ఏడాది కాదు, కార్ఖానా పుట్టిన ఏడాది. మంగళూరులో బాసెల్ మిషన్ వారు ఆ సంవత్సరం పెంకుల కార్ఖానా పెట్టారు. ఆ తరువాత దశాబ్దాల పాటు తీసిన పెంకుల మీదా అదే అంకె ముద్రిస్తూ వచ్చారు. (మనవాళ్ళు వాటిని బెంగుళూరు పెంకులనడం ఇంకో విచిత్రం. మంగళూరు పేరు నోరు తిరగలేదో, ఊరే తెలియదో.) ఇక ముందుగది కప్పును మోస్తున్న ఇనుప దూలం ఉంది. సున్నపు పొరలు గీకి చూస్తే దాని నడుము మీద డార్మన్ లాంగ్ అన్న పేరు కనిపిస్తుంది. ఇంగ్లండులోని మిడిల్స్‌బరోలో 1875లో మొదలైన ఉక్కు కంపెనీ అది. సిడ్నీ రేవు మీది పెద్ద వంతెన కట్టింది కూడా వారే. 1875లో పుట్టిన కంపెనీ దూలం 1862 నాటి ఇంటికి రాలేదు. కనుక మాది 1922 నాటి దుందుభి. వంశ గౌరవానికి అరవై ఏళ్ళు నష్టం వచ్చిందని మా పెద్దనాన్న చాలాకాలం నొచ్చుకున్నారు.

నాకు మాత్రం 1922 అన్నాకే ఆ ఇల్లు అర్థమవడం మొదలైంది.

చూడడానికి అది ఒక ఇల్లు కాదు, రెండిళ్ళు వీపు వీపు ఆనించి నిలబడినట్టుంటుంది. వీధివైపు మిద్దె: ఎత్తైన అరుగులు, గుండ్రటి ఇటుక స్తంభాలు, పొడవాటి ముందుగది, అటూ ఇటూ రెండు గదులు, పైన మద్రాసు పద్ధతి కప్పు. దాని వెనుక మండువా లోగిలి: నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి, వాననీళ్ళు నడుమనున్న రాతి వాకిట్లో పడి తూములోంచి పెరట్లోకి పోతాయి. ముందుభాగం దొరల కచ్చేరీని చూసి కట్టింది, వెనుకభాగం మన పాత పద్ధతి. వచ్చేపోయేవాళ్ళకి ఒక ముఖం, ఇంట్లోవాళ్ళకి ఒక ముఖం. డెల్టాలో ఆ కాలపు ఇళ్ళు చాలావాటిలో ఈ జంటరూపం కనబడుతుంది. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పాత వీధుల వెంట నడిస్తే ఇప్పటికీ ఒకటో రెండో మిగిలి ఉంటాయి.

ఇల్లంతా ఇటుక. రాయి దాదాపు లేదు. డెల్టాలో రాయెక్కడిది? గునపం దించితే మన్నే. మంగళగిరి కొండ దాటి దక్షిణానికి వస్తే సముద్రం దాకా చేతికందే గట్టి పదార్థం లేదు. అందుచేత ఇక్కడ రాయి కావాలంటే మనిషే తయారు చేసుకోవాలి. మన్నును కాల్చిన రాయే ఇటుక. మా ఇంటికి కావలసిన ఇటుక బయటి నుంచి రాలేదు. ఊరి చివర కాలువకు దగ్గరలో ఇటుకల గుంట అని ఒకటుండేది. నా చిన్నప్పుడు అందులో తామరలూ గేదెలూ ఉండేవి. ఆ గుంటలోంచి తీసిన మన్నే మా ఇల్లు. మన ఊళ్ళలో కుంటలు కొన్నిటిని లోతు కొలిస్తే అవతలి వీధిలోని మేడల ఎత్తు తెలుస్తుంది.

అయితే మన నల్లరేగడి ఒట్టిగా ఇటుకకు పనికిరాదు. ఎండితే బీటలిస్తుంది, కాలిస్తే వంకరపోతుంది. దానిలో ఇసుకపాలున్న ఒండ్రు కలవాలి. ఆ ఒండ్రు తెచ్చింది కృష్ణమ్మ, తెచ్చి ఊరి ముంగిట పెట్టింది కాలువ. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన డొక్కల కరువు తరువాత, బెజవాడ దగ్గర ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. పడమటి గట్టు కాలువలు పారాయి. దుగ్గిరాల నుంచి కొమ్మమూరు కాలువ ఇటువైపు దిగి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలిసింది. పొలానికి నీరూ, సరుకుకు పడవదారీ ఒకేసారి వచ్చాయి. 1916 ప్రాంతంలో గుంటూరు, తెనాలి, రేపల్లె రైలుదారి పడింది. మొదటి ప్రపంచయుద్ధపు రోజుల్లో తిండిగింజల ధరలు ఎగబాకాయి. మూడు తరాలు తాటాకు కప్పు కింద బతికిన వాళ్ళ చేతిలో మొదటిసారి నాలుగు డబ్బులు మిగిలాయి. ఒండ్రు ఇటుకలైంది, ఊక వాటిని కాల్చింది, వడ్లమ్మిన సొమ్ము కూలీలైంది, బర్మా టేకు దుంగలూ గుల్ల సున్నమూ పడవల మీద వచ్చాయి, ఇంగ్లండు దూలం రైలెక్కి వచ్చింది. నా దృష్టిలో ఈ ఇల్లు కాలువకు పుట్టిన బిడ్డ. ఆనకట్టకు శిలాఫలకం ఉంది, రైలుకు టైంటేబులుంది. కాలువ మన జీవితాల్లో ఏం మార్చిందో చెప్పే కాగితం మాత్రం ఇలాంటి ఇళ్ళే.

ఇటుకను దగ్గర నుంచి చూడాలి. పెచ్చూడిన చోట నేను కొలిచాను. తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, రెండున్నర మందం. ఇవాళ్టి ప్రమాణపు ఇటుక 19 సెంటీమీటర్ల పొడవు, తొమ్మిది వెడల్పు, తొమ్మిది ఎత్తు. దాని పక్కన ఇది బిస్కట్టులా ఉంటుంది. పలుచన కావడం వల్లనే లోపలి దాకా సమంగా కాలింది. వేలితో కొడితే కంచు గిన్నెలా మోగుతుంది. ఆరబెట్టినప్పుడు పచ్చి ఇటుక మీద నడిచిపోయిన మేకపిల్ల గిట్టల గుర్తులు పెరటిగోడలో ఒక ఇటుక మీద ఉన్నాయి. ఇంకొకదాని మీద నాలుగు వేళ్ళ ముద్ర ఉంది, చిన్న చెయ్యి. పిల్లవాడో, ఆడమనిషో చెప్పలేము. ఇంటి యజమానుల పటాలు ముందుగదిలో అద్దాల వెనుక ఉన్నాయి, ఆ చేతికి గుర్తు ఇదొక్కటే.

ఇక సున్నం. సిమెంటు అన్నమాట ఊళ్ళో వినబడని రోజులు. గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చి తెచ్చిన సున్నాన్ని గుంటలో నానబెట్టి, ఇసుక కలిపి, గుండ్రటి కాలువలాంటి గానుగలో పోసి, ఎద్దులు రాతిచక్రం తిప్పుతుంటే వెన్నలా అయ్యేదాకా నూరేవారు. అదే డంగు సున్నం. అందులోకి కరక్కాయ ఊరిన నీళ్ళు, బెల్లం నీళ్ళు. పైపూతకైతే కోడిగుడ్ల సొన. మా గోడలకు పోసిన బెల్లంతో ఊరందరికీ పండగ చేయవచ్చని నాయనమ్మ అనేది. ఎన్ని గుడ్లు వాడారన్న లెక్క ఒక్కొక్కరి నోట ఒక్కో తీరుగా పెరుగుతూ పోయింది గనుక అది వదిలేస్తాను.

సున్నంలో నన్ను ఆశ్చర్యపరిచే సంగతి వేరే ఉంది. గవ్వను కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతుంది. సున్నంగా మారి గోడకెక్కాక, గాలిలోంచి అదే వాయువును మళ్ళీ నెమ్మదిగా పీల్చుకుని, తిరిగి గవ్వంత గట్టిపడుతుంది. ఈ పని ఒక రోజులోనో నెలలోనో తీరదు, ఏళ్ళు పడుతుంది. గట్టిపడుతూనే సన్నటి రంధ్రాలను ఉంచుకుంటుంది. డెల్టా నేలలో నీరు చేతికందేంత లోతులోనే ఉంటుంది. పునాదిలోంచి చెమ్మ గోడలోకి పాకక మానదు. సున్నపు గోడ ఆ చెమ్మను పైకి వదిలేస్తుంది. ఇంత మందపు గోడ వేసవి ఎండను పగలంతా తనలోనే పట్టుకుని, రాత్రి బయట చల్లబడ్డాక గానీ లోపలికి వదలదు. వేడెక్కిన గాలి మండువా నడిమి ఆకాశంలోంచి పైకి పోతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట ఆ ముందుగది నేల మీద చాప లేకుండా పడుకున్నవాళ్ళకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

మిద్దె కప్పు సంగతి మరీ చిత్రం. టేకు పట్టెలు దగ్గర దగ్గరగా పరచి, వాటి మీద సన్నపాటి ఇటుకలను పక్కకు నిలబెట్టి సున్నంతో ఐమూలగా పేరుస్తారు. దానిపైన ఇటుకముక్కల జల్లీ, సున్నమూ కలిపిన మందపాటి పొర. ఆ పొరను చెక్క దిమ్మిసలతో కొట్టాలి. ఆడవాళ్ళు వరుసలుగా కూర్చుని, కరక్కాయ నీళ్ళు చిలకరిస్తూ, పాట లయకు దిమ్మిస వేస్తూ రోజుల తరబడి కొడతారు. దిమ్మిస దిగబడకుండా ఎగిరిపడే దాకా కొట్టాలి. ఆ పాటలేమిటో నాకు దొరకలేదు. ఇనుప చువ్వ ఒక్కటీ లేకుండా నూరేళ్ళుగా వానకు నిలిచిన ఆ కప్పును ఆ చేతులే తయారు చేశాయి.

మెట్లు ఇంటి బయట నుంచే ఉన్నాయి, గమనించారా? మేడమెట్లు బయట పెట్టడం స్థలం కోసమే అని కొందరంటారు. నేను అంత అమాయకంగా నమ్మలేను. మిద్దె కొట్టడానికి వచ్చిన ఆడవాళ్ళు గడప దాటి లోపలికి రాకుండానే పైకెక్కి దిగిపోగల ఏర్పాటది. ఈ ఇంటి అందం గురించి రాస్తూ ఈ మాట దాచడం న్యాయం కాదు. అరుగు దాకా ఒకరు, ముందుగది దాకా ఒకరు, మండువా దాకా ఒకరు, గడపలన్నీ కొలతలే. మండువాకు ఈశాన్యంలో కిటికీ లేని చీకటిగది ఒకటుంది. అందులో తాతగారి మేనత్త, చిన్నతనంలోనే భర్త పోయినావిడ, జీవితమంతా గడిపిందట. భవన నిర్మాణం మీద పుస్తకాలు రాసేవారు మండువాలో గాలీ వెలుతురూ ఎలా ఆడతాయో బొమ్మలు గీసి చూపిస్తారు. ఆ గదికి బాణంగుర్తు వేసిన బొమ్మ నేనింతవరకూ చూడలేదు.

మరి 1977 నవంబరు 19 రాత్రి? దివిసీమను ఉప్పెన ముంచేసిన రాత్రి మా వైపు సముద్రం రాలేదు గానీ గాలి వచ్చింది. పాకలన్నీ లేచిపోయాయి. నాయనమ్మ సింహద్వారం తీయించింది. కూలివాడ నుంచి వచ్చిన వాళ్ళు పిల్లాజెల్లాతో ముందుగదిలో, మండువా పంచల్లో తెల్లవార్లూ కూర్చున్నారు. ఆ రాత్రి గడపలు లెక్కలోకి రాలేదు. తెల్లవారాక మళ్ళీ వచ్చాయి, అది వేరే మాట. పెంకులు సగం ఎగిరిపోయినా గోడలు కదల్లేదు. ఊళ్ళో ఇప్పటికీ నడివయసు దాటినవాళ్ళు కొందరు మా ఇంటిని ఆ రాత్రితోనే గుర్తుపెట్టుకున్నారు. ఎవరు కట్టారన్నది వాళ్ళకు ముఖ్యం కాదు.

ఇల్లు లేచిన కాలం కూడా సామాన్యమైనది కాదు. చీరాల పేరాల జనం 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట సొంత ఇళ్ళు విడిచి, ఊరి బయట రామనగరం పాకల్లో నెలల తరబడి ఉన్నారు. 1921-22లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వాన రైతులు శిస్తు నిలిపివేశారు. అక్కడ ఇటుక ఇళ్ళు వదిలి పాకల్లోకి నడుస్తుంటే, అదే జిల్లాలో మా ముత్తాతగారు పాక వదిలి ఇటుక ఇంట్లోకి నడుస్తున్నారు. ఆయన శిస్తు కట్టారా మానారా అన్నది ఇంట్లో ఎవరూ చెప్పలేదు. కట్టే ఉంటారని నా అనుమానం. ఇల్లు కట్టుకుంటున్నవాడు సర్కారుతో గొడవ పెట్టుకోడు.

పైఅంతస్తు వేయాలని ఆయన సంకల్పం. అందుకే మిద్దె మీద పిట్టగోడ మూలల్లో ఇటుకలు పళ్ళలా బయటికి వదిలారు, రేపటి గోడ వచ్చి కలుసుకోవడానికి. 1930 తరువాత ధాన్యం ధర పడిపోయింది. రేపటి గోడ రానేలేదు. మా చిన్నప్పుడు ఆ ఇటుక పళ్ళ మీద పావురాలు కూర్చునేవి.

2022 ఉగాదికి ఇల్లు నూరేళ్ళకు చేరింది. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడంగా గుర్తించాలంటే కనీసం నూరేళ్ళుండాలి. ఆ లెక్కన మా ఇల్లు ప్రాచీనత పరీక్ష పాసయింది. పాసైన మరుసటేడే, 2023 వేసవిలో, పంపకాల మాట వచ్చింది. 2014 తరువాత రాజధాని కబురుతో మా వైపు సెంటు భూమి ధర ఆకాశాన్నంటి, మళ్ళీ దిగి, మళ్ళీ ఊగిసలాడి, అన్నదమ్ములందరికీ తమ తమ వాటాలను గుర్తు చేసింది.

నేను వారసత్వం, చరిత్ర అంటూ మొదలుపెట్టాను. బాబాయి ఓపిగ్గా విన్నాడు. విని, "అబ్బాయ్, నువ్వు ఏడాదికోసారి వచ్చి ఫోటోలు తీసుకుని పోతావు. వాన కురిసిన రాత్రి మండువాలో గిన్నెలు పెట్టేది మీ పిన్నీ నేనూనూ" అన్నాడు. పిన్ని కోపంగా కాదు గానీ, "ఈ ఇంట్లో ఎన్ని గడపలున్నాయో లెక్కపెట్టావా నాన్నా? మోకాళ్ళు పోయినదాన్ని, స్నానానికి వెళ్ళాలంటే ఏడు గడపలు దాటాలి" అంది. నేను లెక్కపెట్టాను. ఏడే.

దీనికి జవాబేమిటి? చట్టం దగ్గర లేదు. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారి ఇల్లు, విజయనగరంలో గురజాడ వారి ఇల్లు స్మారకాలుగా నిలిచాయి. అవి మహానుభావుల ఇళ్ళు, నిలవవలసినవే. హైదరాబాదులో 1981 నాటి నియమాల కింద ఒక జాబితా అయినా ఉండేది, 2015లో ఆ నిబంధనే తీసేశారు. పల్లెలో, ఏ మహానుభావుడూ పుట్టని ఇంటికి ఏ జాబితా లేదు. ఉన్నా, అది పిన్ని మోకాళ్ళకు మందు కాదు. వాళ్ళు ఆ ఇంటిని నలభై ఏళ్ళు మోశారు. మోయనివాడు మోసేవాడికి బరువు విలువ బోధించడం బాగుండదు.

అయినా ఒక సంగతి నన్ను వదలలేదు. మన నేల మీద ఇటుకకు మొదటి నుంచీ రాసిపెట్టినది ఇదేనా? 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు, ఇళ్ళకు ఇటుకా రాయీ కావలసిన జనం దీపాలదిన్నె తవ్వారు. 1797లో మెకంజీ వచ్చి చూసేసరికే స్తూపం గుల్లయింది. పందొమ్మిదో శతాబ్దంలోనే భట్టిప్రోలు దిబ్బకూ అదే గతి పట్టింది. ఇటుకలు రోడ్డు కిందికి, పాలరాళ్ళు వెల్లటూరు దగ్గర కాలువ తూముకు వెళ్ళాయి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వి, మిగిలినదాంట్లో ధాతుపేటికలూ వాటి మీది లిపీ బయటపెట్టకపోతే మన దక్షిణాది లిపి చరిత్రలో ఒక పుట ఖాళీగా ఉండేది. ఇవాళ బాపట్ల జిల్లాలో ఉన్న ఆ దిబ్బ దగ్గరికి వెళితే ఒక్కొక్క ఇటుక 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, ఎనిమిది మందం. మా ఇంటి ఇటుకలు ఆరేడు కలిపితే అదొకటి. దాన్ని మోసుకుపోయినవాళ్ళు దుర్మార్గులు కారు. వాళ్ళకు రోడ్డు కావాలి, కాలువకు తూము కావాలి. ఆ కాలువే మా ముత్తాతకు ఇల్లిచ్చింది. అంటే మా ఇంటి సౌభాగ్యంలో భట్టిప్రోలు నష్టం ఎక్కడో కలిసే ఉంది. ఇది తలచుకుంటే చేతులు శుభ్రంగా ఉన్నాయని చెప్పుకోలేను.

కానీ ఒక తేడా ఉంది. స్తూపం ఇటుకలు పోయిన నాడు ఇటుక పని పోలేదు. మరునాడు మరో ఆవం అంటించగల చేతులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. మా ఇల్లు కూలిస్తే పోయేది ఇటుకలు మాత్రమే కాదు. దానిని బాగుచేయడం తెలిసిన చివరి చేతులకు పని పోతుంది. పని లేని విద్య కొడుక్కి అందదు.

మా పెరటిగోడే దీనికి రుజువు. 1990 మే తుఫాను తరువాత ఆ గోడ పెచ్చులూడితే, ఎవరో చెప్పిన మీదట సిమెంటు పూత వేయించారు. గట్టిది కదా అని. నేలలోంచి వచ్చిన చెమ్మకు దారి మూసుకుపోయింది. నీటితో వచ్చిన ఉప్పు ఇటుక లోపలే పేరుకుని, గడ్డకట్టి, ఇటుక ముఖాన్ని లోపలి నుంచి పగలగొట్టింది. నిరుడు ఆ పూత ఊడదీస్తే వెనుక ఇటుకలు పిండిగా రాలాయి. అదే గోడలో సున్నపు పూత మిగిలిన పై సగం, మేకపిల్ల గిట్టలున్న భాగం, చెక్కు చెదరలేదు. ముప్ఫై ఏళ్ళలో గట్టిది మెత్తనిదాన్ని చంపేసింది.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. మండువా, దాని స్థలం బాబాయి వాటా. ముందు మిద్దె మా నాన్నగారి వాటాగా నాకు వచ్చింది, డబ్బు కొంత నేను ఎదురిచ్చి. 2023 జూన్‌లో మండువా విప్పారు. పాత సామాను కొనే వ్యాపారి తలుపులకూ టేకు దూలాలకూ మంచి ధర కట్టాడు. పెంకులకు తక్కువ. ఇటుకలకు దాదాపు ఏమీ లేదు. ఇప్పుడెవరికీ రెండున్నర అంగుళాల ఇటుక అక్కరలేదట, బూడిద ఇటుకలు వరుస త్వరగా లేస్తాయట. ఊరి బయట ప్లాట్లు వేసిన చోట దారి మెరకకు ట్రాక్టర్ల మీద తోలేశారు. అవును, దారి కిందికే. బాబాయి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గడపలు లేవు, స్నానాలగది పడకగదిలోనే ఉంది. పిన్ని హాయిగా ఉంది. ఆ ఇంట్లో వేసవి మధ్యాహ్నం ఏసీ లేనిదే కూర్చోలేకపోవడం వేరే సంగతి. కరెంటు పోయినప్పుడు ఇద్దరూ నా ముందుగదిలోకి వచ్చి పడుకుంటారు.

చీకటిగది కూడా మండువాతో పాటు పోయింది. దాని గోడ పడుతున్నప్పుడు నాకేమీ బాధ కలగలేదు.

మేలైన ఇటుకలు ఓ రెండు వేలు ఏరి పక్కన పెట్టించాను, పెరటిగోడ కింది సగం మళ్ళీ కట్టడానికి. సున్నం పని తెలిసిన మేస్త్రి కోసం తెనాలిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ నాలుగు నెలలు వెదికాను. దొరికినాయనకు డెబ్భై దాటాయి. గానుగ ఎక్కడా లేదు గనుక పిండిరుబ్బే పెద్ద యంత్రాన్ని అద్దెకు తెచ్చి అందులో నూరుతున్నారు. మొదటిరోజు నూరినదాన్ని వేళ్ళ మధ్య రాసి చూసి, "ఇది ఇంకా ఇసుకేనయ్యా, సున్నం కాలేదు" అని పక్కన పోయించారు. ఆయన వెంట మనవడు వస్తున్నాడు. ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్నాడు, ఫోను చూస్తూ కూర్చుంటాడు గానీ, కరక్కాయ నీళ్ళు ఎప్పుడు సరిపడా ఊరాయో రంగు చూసి చెప్పడం అప్పుడే నేర్చాడు. వాడికి రోజుకూలీ తాతతో సమానంగా ఇస్తున్నాను. ఇలా చేస్తే ఊళ్ళో కూలిరేట్లు పాడవుతాయని ఇద్దరు ముగ్గురు అన్నారు.

గోడ ఇప్పటికి మోకాలి ఎత్తు లేచింది. రోజుకు మూడు వరుసలకు మించి కట్టడానికి మేస్త్రి ఒప్పుకోరు. కింది వరుసలు ఆరాలట. మిద్దె మీద పిట్టగోడ మూలనున్న ఇటుక పళ్ళు చూసి, పైఅంతస్తు వేస్తారా అని మనవడు అడిగాడు. మేస్త్రి వాడివైపు చూసి, ముందు ఇది కట్టమన్నారు. వానలు మొదలయ్యాయి గనుక పని ఆపి, గోడ మీద తాటాకులు కప్పి వెళ్ళారు. కార్తీకంలో మళ్ళీ వస్తామన్నారు. నానబెట్టిన సున్నం గుంటలోనే ఉంది, పైన నాలుగు వేళ్ళ మందాన నీళ్ళు నిలవాలని చెప్పారు. రోజూ సాయంత్రం బాబాయే చూసి నీళ్ళు పోస్తున్నాడు.